ఉస్తాద్ మహ్వశ్: కాబూల్ రేడియో నుంచి కాలిఫోర్నియా దాకా. ఏది ముందు వినాలి, గజల్ నడక ఎలా పట్టుకోవాలి, రబాబ్ శ్రుతి ఎలా పెట్టాలి?

తంబూరతీగ:
ఆఫ్ఘన్ గాయని మహ్వశ్ మీద తెలుగులో ఒకచోట పనికొచ్చే సమాచారం లేదు, అందుకే ఈ చర్చ. మూడు ప్రశ్నలు. ఒకటి, ఆవిడ జీవితం క్లుప్తంగా, సంవత్సరాలతో. రెండు, 1970ల రేడియో పాటలకీ, 2003లో ఐరోపాలో వచ్చిన ఆల్బమ్‌కీ ధ్వనిలో ఇంత తేడా ఎందుకు? మూడు, కర్ణాటక సంగీతం తెలిసినవాళ్ళు ఈ గజల్ లెక్క ఎలా వేసుకోవాలి? రబాబ్ (మీటి వాయించే ఆఫ్ఘన్ తీగవాద్యం) చేతికొస్తే మన కోస్తా ఉక్కలో దాన్ని ఎలా కాపాడుకోవాలో కూడా తెలిసినవారు రాయండి.

కాబూలీవీధి:
మొదటి ప్రశ్నకి. ఫరీదా మహ్వశ్ 1947లో కాబూల్‌లో పుట్టారు. మతనిష్ఠ ఉన్న ఇల్లు, తల్లి ఖురాన్ నేర్పేవారు. సంగీతం ఆ ఇంటి విద్య కాదు. కాబూల్ రేడియోలో ఆఫీసు ఉద్యోగంలో చేరాక, అక్కడే ఉన్న సంగీతకారుడు హఫీజుల్లా ఖయాల్ గొంతు గుర్తించి ప్రోత్సహించడంతో 1960ల చివర్లో మైకు ముందుకు వచ్చారు. తర్వాత ఉస్తాద్ మహమ్మద్ హాషిమ్ దగ్గర శాస్త్రీయంగా నేర్చుకున్నారు. ఆయన తబలా వాద్యకారుడు, స్వరకర్త కూడా. మహ్వశ్ పాటలో తాళం అంత గట్టిగా ఉండటానికి సగం కారణం ఆ గురువే అని నా లెక్క.

1977లో ప్రభుత్వం ఆవిడకి 'ఉస్తాద్' బిరుదు ఇచ్చింది. అప్పటిదాకా అది మగవాళ్ళ బిరుదు, అందులోనూ ఎక్కువగా ఖరాబాత్ వీధి వంశాలవారిది. గొడవ జరిగింది. కొందరికి ఆడమనిషి అని అభ్యంతరం, కొందరికి వంశం లేదని.

1991లో ప్రాణభయంతో కుటుంబంతో పాకిస్తాన్ వెళ్ళారు. అటునుంచి అమెరికాలో ఆశ్రయం దొరికి కాలిఫోర్నియా చేరారు. శాన్ ఫ్రాన్సిస్కో దగ్గరి ఫ్రీమాంట్ చుట్టుపక్కల ఆఫ్ఘన్ కుటుంబాలు ఎక్కువ, ఆ ఊళ్ళో ఒక భాగాన్ని 'లిటిల్ కాబూల్' అనే పిలుస్తారు.

తాలిబన్లు వచ్చాక దేశం వదిలారని చాలాచోట్ల రాస్తున్నారు. తాలిబన్లు కాబూల్ పట్టుకున్నది 1996లో. ఆవిడ వెళ్ళింది అంతకు ఐదేళ్ళ ముందు, అప్పటి అధ్యక్షుడు నజీబుల్లా ప్రభుత్వానికీ ముజాహిదీన్లకీ మధ్య పోరు నడుస్తున్నప్పుడు. రేడియోలో పాడేవాళ్ళకి రెండు వైపుల నుంచీ ఒత్తిడి ఉండేది: ఒకళ్ళు మా కోసం పాడు అనడం, ఇంకొకళ్ళు అసలు పాడొద్దనడం.

మృదంగజతి:
ఖరాబాత్ గురించి ఇంకొంచెం చెప్పండి. అక్కడివాళ్ళు మన హిందుస్తానీ వాళ్ళేనా?

కాబూలీవీధి:
మూలం అదే. 1860లలో అమీర్ షేర్ అలీ ఖాన్ హిందుస్తాన్ నుంచి గాయకుల్ని, తబలా వాద్యకారుల్ని రప్పించి కాబూల్ కోట దగ్గర ఇళ్ళిచ్చాడు. ఆ వీధే ఖరాబాత్. రాగం, తాళం, స్థాయి (పల్లవి లాంటి మొదటి భాగం), అంతర (పై స్వరాల్లో నడిచే భాగం) అన్న పేర్లన్నీ అలా చేరాయి. ఉస్తాద్ ఖాసిమ్ ఆ వీధి నుంచే వచ్చారు, అక్కడి శాస్త్రీయ సంగీతానికి పితామహుడంటారు. ఉస్తాద్ సరాహంగ్ పటియాలా ఘరానాకి (సంగీత సంప్రదాయానికి) చెందిన ఆషిక్ అలీ ఖాన్ దగ్గర ఏళ్ళ తరబడి నేర్చుకుని వెనక్కి వెళ్ళారు. కాబట్టి మహ్వశ్ గొంతులో పటియాలా తాన్ (వేగంగా దొర్లే స్వరాల వరస) లాంటిది వినిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

వంశపారంపర్యంగా వృత్తి చేసేవాళ్ళు ఒక వర్గం, ఇష్టంతో పాడే 'షౌకీ'లు ఇంకో వర్గం. గాయకుడు అహ్మద్ జాహిర్ షౌకీ, మహ్వశ్ కూడా షౌకీగానే మొదలయ్యారు. ఈ గీత తెలియకపోతే 1977 గొడవ సగమే అర్థమవుతుంది. అంతకుముందు ఆడగొంతు రేడియోలో లేదని కాదు, 1951 నుంచే పర్వీన్ పాడారు. పాడనివ్వడం వేరు, ఉస్తాద్ అని పిలవడం వేరు.

పాతరేడియో:
రెండో ప్రశ్నకి నేను చెప్తాను. కాబూల్ రేడియో వాద్యబృందం మిశ్రమం. రబాబ్, తంబూర్, దిల్‌రుబా, తూలా (వేణువు), తబలా, ఢోల్ ఒక పక్క. క్లారినెట్, వయొలిన్లు, మాండొలిన్, గిటార్, అకార్డియన్ మరో పక్క. అందరూ దాదాపు ఒకే వరుసను కలిసి వాయిస్తారు, పాశ్చాత్య హార్మనీ చాలా తక్కువ. గాయని మధ్య మధ్య ఆగితే బృందం మొత్తం ఆ ఖాళీ నింపుతుంది.

2003 ఆల్బమ్‌లో వాయించింది ఎన్సాంబుల్ కాబూల్. హుస్సేన్ అర్మాన్, ఆయన కొడుకు ఖాలిద్ అర్మాన్ 1995లో జెనీవాలో మొదలుపెట్టిన చిన్న బృందం. రబాబ్, తూలా, తబలా, ఇంకొన్ని వాద్యాలు, అంతే. అదే పాటలో ఇరవై మంది వాయించిన వరుసను ఇక్కడ రబాబ్ ఒక్కటే మోస్తుంది. అందుకే దూరం దూరంగా, ఖాళీగా వినిపిస్తుంది. ఆ ఏడాదే బీబీసీ రేడియో 3 ప్రపంచ సంగీత పురస్కారం, ఆసియా పసిఫిక్ విభాగంలో, మహ్వశ్‌కీ ఈ బృందానికీ కలిపి వచ్చింది. దాంతో పశ్చిమ దేశాల శ్రోతలకి 'అసలైన కాబూల్ సంగీతం' అంటే ఇదే అన్న ముద్ర పడిపోయింది. నాకు అది నచ్చదు. అది ప్రవాసంలో కొత్తగా కూర్చిన కచేరీ సంగీతం, బాగుంది, కానీ కాబూల్ ఇళ్ళలో రేడియో పెట్టెలోంచి వచ్చిన శబ్దం అది కాదు.

కాబూలీవీధి:
పాతరేడియో గారూ, అసలు రేడియో బృందమే 1950ల తర్వాత తయారైన మిశ్రమం కదా. క్లారినెట్ ఉన్నది అసలైనదీ, రబాబ్ ఒక్కటే ఉన్నది కొత్తదీ ఎలా అవుతాయి? ఖరాబాత్ బైఠక్‌లో (కొద్దిమంది కూర్చుని వినే కచేరీలో) గజల్ పాడేది హార్మోనియం, తబలా, రబాబ్ లాంటి నాలుగైదు వాద్యాలతోనే. జెనీవా బృందం ఆ బైఠక్‌కి దగ్గర.

పాతరేడియో:
వాద్యాల సంఖ్యలో దగ్గర. వరస వేరు. బైఠక్‌లో గాయకుడే హార్మోనియం వాయిస్తూ ఎంతసేపు పాడాలో తనే నిర్ణయించుకుంటాడు, ఒక్క గజల్ అరగంట పట్టొచ్చు. మహ్వశ్ పాటలు రేడియో నిడివికి, బృందం కోసం రాసుకున్నవి. వాటిని తీసుకుని మళ్ళీ బైఠక్ రూపంలోకి మార్చారు. ఆ మార్పు జరిగిందని తెలిసి వింటే చాలు.

ఇంకోటి. కాలిఫోర్నియాలో, హాంబర్గ్‌లో ఆఫ్ఘన్ పెళ్ళిళ్ళలో వినిపించేది ఈ రెండూ కాదు. కీబోర్డు, తబలా లేదా డ్రమ్ మెషీన్, పెద్ద స్పీకర్లు. ఖర్చు లెక్క సులువు: ఒక్క కీబోర్డు ఆరుగురి పని చేస్తుంది. కానీ కీబోర్డులో స్వరాన్ని స్వరానికి జారవిడవటం ఉండదు, గాయకులు కూడా మెల్లగా ఆ సూటి స్వరాలకి అలవాటు పడతారు. 1980ల తర్వాత ప్రవాసంలో వచ్చిన క్యాసెట్లు వరసగా వింటే ఈ మార్పు చెవికి తెలుస్తుంది.

లఘువు_గురువు:
మూడో ప్రశ్నకి ఛందస్సు వైపు నుంచి. ఫార్సీ గజల్ గణాల్లో బాగా తిరిగేది ఫాఇలాతున్. గురువు, లఘువు, గురువు, గురువు. మన లెక్కలో రగణం మీద ఒక గురువు. మాత్రలు 2+1+2+2, మొత్తం 7. మధ్యలో విరిస్తే 3+4. అంటే మిశ్రగతి, వృషభగతి రగడ నడక, ముత్యాలసరాల నడక. తెలుగు చెవికి ఇది పరాయి లయ కానే కాదు.

రెండోది మఫాఈలున్. లఘువు, తర్వాత మూడు గురువులు, యగణం మీద గురువు. ఇదీ 7 మాత్రలే, కానీ లఘువుతో మొదలవుతుంది. ఇక్కడే తాళం వేసేవాళ్ళు తడబడతారు. మొదటి లఘువు మీద సమం (తాళం మొదటి దెబ్బ) వేస్తే పాదమంతా ఎదురు నడుస్తుంది. లఘువును ఎత్తుగడగా ముందు వదిలేసి, తర్వాతి గురువు మీద సమం వేసి చూడండి.

ఇంకో తేడా. పద్యపాదం చివర కొన్ని గణాల్లో ఒక అక్షరం తగ్గుతుంది. గాయని ఆ ఖాళీని చివరి అచ్చు సాగదీసి నింపుతుంది. కాగితం మీద లెక్క తప్పినట్టు కనిపిస్తుంది, పాటలో తప్పదు.

మృదంగజతి:
లయకి కొనసాగింపు. కాబూల్ వాళ్ళ ముఖ్యమైన తాళాలు మూడు పట్టుకుంటే చాలు. దాద్రా, 6 మాత్రలు. గేదా, 4 మాత్రలు, హిందుస్తానీ కహర్వా తాళానికి దగ్గర. మొఘోలీ, 7 మాత్రలు. మొఘోలీని 3+4గా వేస్తే మన మిశ్రచాపే. 'తకిట తకధిమి' అని నోటితో అంటూ పాట పెట్టండి, రెండు ఆవృతాల్లో కుదురుతుంది. కుదరకపోతే మీరు 4+3 నుంచి మొదలుపెట్టారని అర్థం. నాలుగు మాత్రలు ఆగి మళ్ళీ ఎత్తుకోండి.

వేగం మాత్రం మన పద్ధతి కాదు. మనకి ఎత్తుకున్న కాలప్రమాణం చివరిదాకా నిలపాలి. కాబూలీ గజల్‌లో చరణం నెమ్మదిగా నడిచి, చివరికి వచ్చేసరికి తబలా, రబాబ్ కలిసి వేగం పెంచి, మూడుసార్లు ముక్తాయింపు వేసి ఆపుతాయి. మళ్ళీ నెమ్మదిగా తర్వాతి చరణం. మొదటిసారి వినేవాళ్ళు పాట అయిపోయిందనుకుంటారు. వాద్యకారులు పరుగెత్తేశారు అని ఎవరో ఇంకో చర్చలో విమర్శించారు, అది తొందర కాదు, పద్ధతే అది.

కాబూలీవీధి:
నిర్మాణం కూడా ఇక్కడే చెప్పేస్తాను. మొదట లయ లేకుండా రాగఛాయ, మన ఆలాపన లాంటిదే కానీ చిన్నది. తర్వాత గజల్ మొదటి పంక్తి స్థాయిలో. మిగతా షేర్‌ల (ద్విపదల) మొదటి పంక్తులు అంతరలో, పై స్వరాల్లో, రెండో పంక్తితో కిందకి దిగి స్థాయిని కలుపుకోవాలి. మధ్యలో గాయకులు ఆ గజల్‌కి సంబంధం లేని వేరే కవి ద్విపద ఒకటి తెచ్చి తాళం లేకుండా పాడతారు. దాన్ని ఫర్ద్ అంటారు. భావం కలవాలి, ఛందస్సు కలవకపోయినా పర్లేదు. సాహిత్యం ముందు పెట్టుకుని వింటే ఈ ఫర్ద్ దగ్గర పేజీ తప్పిపోతారు, కంగారు పడొద్దు.

కవుల్లో కాబూల్‌కి బేదిల్ అంటే ప్రాణం. పుట్టింది పాట్నాలో, పోయింది 1720లో ఢిల్లీలో. ఇరాన్‌లో ఆయన్ని చాలాకాలం పట్టించుకోలేదు, కాబూల్ నెత్తిన పెట్టుకుంది. కష్టమైన కవి, మొదటే మొదలుపెట్టకండి. మహ్వశ్ పాడినవాటిలో 'కిలీవాలీ' అనే రేడియో జనరంజక పాటలు ముందు వినండి. పల్లవి, చరణం, మధ్యలో వాద్యాల తునక, సినిమా పాట విన్న చెవికి ఇబ్బంది ఉండదు. ఆ తర్వాత గజళ్ళు.

హైదరాబాదు వాళ్ళకి ఒక లాభం. దరీ (కాబూల్ ఫార్సీ) ఉచ్చారణలో ఏ, ఓ దీర్ఘాలు ఇంకా ఉన్నాయి, టెహ్రాన్ ఫార్సీలో అవి ఈ, ఊ అయిపోయాయి. ఉర్దూ తెలిసిన చెవికి కాబూల్ పాటలో మాటలు ఎక్కువ దొరుకుతాయి.

తంబూరతీగ:
రాగాల పేర్లు? భైరవి అని రాసి ఉంటే మన భైరవి కాదుగా?

మృదంగజతి:
కాదు. అక్కడ బైరమి అంటారు, హిందుస్తానీ భైరవి థాట్. మన మేళాల్లో హనుమతోడి స్వరాలు: రి1, గ2, మ1, ద1, ని2. గమకాలు మాత్రం తోడివి కావు, సింధుభైరవి విన్నట్టు ఉంటుంది. కాబూల్‌లో ఎటు చూసినా బైరమే. యమన్ అంటే కల్యాణి స్వరాలు. ఈ రెండూ పట్టుబడితే సగం పాటల్లో దారి తప్పరు.

ఏకాండి:
రబాబ్ సంగతి. పొట్ట, మెడ ఒకే మల్బరీ దుంగలోంచి తొలుస్తారు, బొబ్బిలి వీణ ఒకే పనసమానులోంచి తీసినట్టు. పొట్ట కింది భాగం మీద మేకతోలు. తీగలు మూడు జట్లు: రాగం వాయించే ముఖ్యమైనవి 3, ఒకప్పుడు పేగు, ఇప్పుడు నైలాన్. శ్రుతి తీగలు 2 లేదా 3. వాటంతట అవే మోగే సన్న ఉక్కు తీగలు 12 నుంచి 15.

ముఖ్యమైన మూడూ ఒకదానికొకటి శుద్ధమధ్యమం దూరంలో. మధ్య తీగ స అనుకుంటే కిందది మంద్ర ప, పైది మ. మెట్లు నాలుగే. లెక్క చూడండి: ఖాళీ తీగ ఒకటి, మెట్లు నాలుగు, కలిపి ఐదు స్వరస్థానాలు. ఆరోది పక్క తీగ ఖాళీగా మోగిస్తే వచ్చేస్తుంది. అందుకే నాలుగు మెట్లతోనే పన్నెండు స్థానాలూ దొరుకుతాయి. కింది తీగ ఖాళీ స్వరానికి పై అష్టకం మూడో తీగ రెండో మెట్టు మీద ఉంటుంది. నాలుగో మెట్టు దాటాక మెట్లు లేని మెడ మీద వేలు జార్చి పట్టాలి. అది చెవితోనే.

శ్రుతి పెట్టే వరస: ముందు ముఖ్యమైన మూడు తీగలు. తర్వాత శ్రుతి తీగలు. చివర ఉక్కు తీగలు, రాగం స్వరాలకి, పొడవైన దాని నుంచి పొట్టిదాని వైపు. అన్నీ అయ్యాక మళ్ళీ మొదటి మూడు చూడాలి, తప్పకుండా దిగి ఉంటాయి. డజను ఉక్కు తీగలు బిగిస్తే గుర్రం (తోలు మీద తీగల్ని మోసే చెక్క) తోలును కిందకి నొక్కుతుంది, ముందు పెట్టిన తీగలు సడలుతాయి. రెండు రౌండ్లు పడుతుంది, తొందరపడితే మూడు.

సరి చూడటానికి: ముఖ్యమైన తీగ మీద ఒక స్వరం మీటి చేత్తో ఆపేయండి. ఆ స్వరానికి కట్టిన ఉక్కు తీగ మోగుతూ ఉండాలి. మోగకపోతే అది కొంచెం అటో ఇటో ఉంది.

రాగం మారితే ఉక్కు తీగల్లో సగం మార్చాలి. బైరమి నుంచి యమన్‌కి వెళ్తే స, ప తప్ప అన్నీ. కచేరీలో ఒకే స్వరాల పాటలు వరసగా పెట్టుకునేది ఇందుకే.

పాతరేడియో:
ఒక ఉక్కు తీగ గుర్రం మీద కొంచెం ఎత్తుగా ఉంటుంది కదా, దాని పని చెప్పలేదు.

ఏకాండి:
అసలు రబాబ్ రుచి అక్కడే. అన్నింటికంటే పొట్టి ఉక్కు తీగను గుర్రం మీద చిన్న బొడిపె పెట్టి పైకి లేపుతారు, మీటుకి అందేలా. రాగం స్వరాల మధ్య సందుల్లో దాన్ని కొడతారు, తాళంలాగా. ఉస్తాద్ మహమ్మద్ ఉమర్ ఈ పద్ధతిని బాగా పెంచారు. ఆయన శిష్యపరంపరలో హుమాయూన్ సఖీ దీన్ని చాలా దూరం తీసుకెళ్ళారు. ఒక్క మనిషే ఇద్దరు వాయించినట్టు వినిపిస్తుంది. బొడిపె అరిగితే ఆ తీగ మిగతావాటి మట్టానికి దిగిపోయి మీటు అందదు. పాత రబాబ్ కొనేటప్పుడు మొదట చూడాల్సింది ఇదే.

తీగలకి: నైలాన్ దొరక్కపోతే క్లాసికల్ గిటారు సన్న తీగలు మూడూ వాడొచ్చు, సుమారు 0.7, 0.8, 1.0 మి.మీ. గిటారు మీద వాటి మధ్య దూరాలు సమానం కాదు. మూడోదాన్ని అర స్వరం దించితే రెండు దూరాలూ మధ్యమమే అవుతాయి. ఆ పైన మూడింటినీ కలిపి మీ శ్రుతికి దించుకోండి.

ఉక్క: వానాకాలం కోస్తాలో తోలు మెత్తబడి గుర్రం దిగుతుంది, తీగలు మెట్లకి తగిలి జరజరలాడతాయి, నాదం మూగపోతుంది. హెయిర్ డ్రయ్యర్ పెట్టొద్దు, అంచున జిగురు విడిపోతుంది. ఏసీ గదిలో గంటసేపు పెట్టెలోంచి తీసి ఉంచి అప్పుడు శ్రుతి పెట్టండి. ఏసీ గాలి సూటిగా తగలకూడదు, తోలు ఒక్కసారిగా బిగిసి చిట్లుతుంది. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి, రంగు మారగానే మార్చండి.

విమానంలో తీసుకెళ్తే ముఖ్యమైన తీగలు రెండు మూడు స్వరాలు దించండి, పూర్తిగా వదలొద్దు. అన్నీ వదిలితే గుర్రం పడిపోతుంది, దాని చోటు తెలియదు. ముందే తోలు మీద పెన్సిల్‌తో గుర్రం కాళ్ళ చుట్టూ గీత గీసుకోండి. బిరడాలు (తీగలు బిగించే మరలు) జారితే సుద్దముక్క రాయండి.

మృదంగజతి:
సరోద్‌కి మూలం ఇదే అంటారు. ఆ సంబంధం ఎంతవరకు నిజం?

కాబూలీవీధి:
రబాబ్ హిందుస్తాన్ వచ్చి, మెడకి లోహపు రేకు, లోహపు తీగలు పడి సరోద్ అయిందని ఎక్కువమంది ఒప్పుకుంటారు. అంజద్ అలీ ఖాన్ గారి బంగష్ వంశం ఆఫ్ఘన్ మూలమే చెప్పుకుంటుంది. తిరుగు ప్రయాణం కూడా ఉంది: మహమ్మద్ ఉమర్ శిష్యుడు దావూద్ ఖాన్ సదోజాయ్ తర్వాత అంజద్ అలీ ఖాన్ దగ్గర సరోద్ నేర్చుకుని జర్మనీలో స్థిరపడ్డారు. రెండు వాద్యాలూ ఒకే చేతిలో వినాలంటే ఆయన్ని వినండి.

నిర్వాహకుడు:
రాజకీయం మీద వచ్చిన నాలుగు వ్యాఖ్యల్ని వేరే చర్చకి మార్చాను. ఇక్కడ సంగీతం, సంగీతకారుల పరిస్థితి వరకే.

పాతరేడియో:
పరిస్థితి అంటే, క్లుప్తంగా. ప్రవాసం ఒక్కసారి జరిగింది కాదు. 1979 తర్వాత ఒక అల, 1992లో మొదలైన కాబూల్ అంతర్యుద్ధంలో ఖరాబాత్ వీధే నేలమట్టమయ్యాక ఇంకోటి. వీధి వాళ్ళు చాలామంది పెషావర్ చేరారు, అక్కడ ఖలీల్ హౌస్ అనే భవనంలో ఒక్కో గది ఒక్కో బృందం ఆఫీసు. హుమాయూన్ సఖీ ఎదిగింది ఆ భవనంలోనే, తర్వాత ఫ్రీమాంట్ వెళ్ళి బడి పెట్టారు. మహ్వశ్‌తో కలిసి కచేరీలు చేశారు. 2021 ఆగస్టులో తాలిబన్లు మళ్ళీ వచ్చాక మూడో పెద్ద అల: అహ్మద్ సర్మస్త్ నడిపే జాతీయ సంగీత సంస్థ విద్యార్థులు, అధ్యాపకులు, కుటుంబసభ్యులు 273 మంది పోర్చుగల్ చేరారు. 2023లో హెరాత్‌లో వాద్యాలు బహిరంగంగా తగలబెట్టారు. 2024 డిసెంబరులో రబాబ్ తయారీ, వాదనం యునెస్కో జాబితాలో చేరాయి, ఆఫ్ఘనిస్తాన్, ఇరాన్, తజికిస్తాన్, ఉజ్బెకిస్తాన్ నాలుగు దేశాల పేరు మీద.

లఘువు_గురువు:
మహ్వశ్ ఇంట నేర్చిన విద్య కాదన్నారు, మరి ప్రవాసంలో ఆ పాట ఎవరికి అందింది?

కాబూలీవీధి:
రబాబ్ అందినంత సులువుగా పాట అందలేదు. వాద్యం నేర్పడానికి బడి చాలు, భాష రాకపోయినా చేతులు నేర్చుకుంటాయి. గజల్‌కి దరీ రావాలి, బేదిల్ అర్థం కావాలి, ఫర్ద్ ఎక్కడ వేయాలో తెలియాలంటే వందల ద్విపదలు నోటికి ఉండాలి. కాలిఫోర్నియాలో పుట్టిన పిల్లలు ఇంట్లో దరీ మాట్లాడినా చదవలేరు. అందుకే ఇప్పుడు వాద్యానికి శిష్యులు ఎక్కువ, గజల్‌కి తక్కువ.

తంబూరతీగ:
ఇంకో చిన్న సందేహం. 1970ల రికార్డింగులు శ్రుతి కాస్త ఎక్కువగా, గొంతు సన్నగా వినిపిస్తాయి. ఆవిడ గొంతు మారిందా, టేపు తేడానా?

పాతరేడియో:
రెండూ. అంతర్జాలంలో తిరిగేవి ఎక్కువ క్యాసెట్ నుంచి క్యాసెట్‌కి ఎక్కినవి. టేపు వేగం కొంచెం పెరిగితే శ్రుతి, వేగం రెండూ కలిసి పెరుగుతాయి. పరీక్ష సులువు: తబలా కుడి శ్రుతి చూసి, అదే పాట ఇంకో ప్రతిలో చూడండి. అర స్వరం తేడా ఉంటే వేగం ఆరు శాతం తేడా ఉన్నట్టు. ఏదైనా ఉచిత ఆడియో ఎడిటర్‌లో 'వేగం' మార్చండి, 'శ్రుతి' ఒక్కటే మార్చే మీట వాడొద్దు, అది టేపు దోషాన్ని సగమే సరిచేస్తుంది. సరిచేసిన తర్వాత కూడా 2003 గొంతు కింది స్థాయిలో ఉంటుంది, అది వయసు. కాబూల్ రేడియో అసలు టేపుల్ని తాలిబన్ల మొదటి పాలనలో ఉద్యోగులు దాచి కాపాడారు కాబట్టి, వాటి నుంచి నేరుగా ఎక్కించినవి దొరికితే అవే తీసుకోండి. గుర్తుపట్టడం ఇలా: బృందంలో వయొలిన్లు, క్లారినెట్ విడివిడిగా వినిపిస్తాయి. క్యాసెట్ ప్రతిలో అవి కలిసి ఒకే ముద్దగా ఉంటాయి.